రేచెర్ల రుద్ర సేనాని వంశకథ

మధ్యయుగపు ప్రభుకుటుంబములలో ఒకదాని చరిత్రను వ్రాయబూనిన తెలుగువానికి మొదట ఎదురగు చిక్కు కాగితము లేకపోవుటయే. ఇంగ్లండు దేశమున ఒక దొర పుట్టుకయు, పెండ్లియు, ఆస్తి తగవును, మరణశాసనమును మఠములలోను రాజు కచేరులలోను తోలుపత్రములపై కెక్కి ఎనిమిది వందల యేండ్లుగా భద్రముగ నిలిచియుండగా, ఓరుగంటి రాజ్యమున సేనలను నడపి, కోటలు పట్టి, గుళ్లు నిలిపిన మన సేనానుల పద్దులు గాని, జాబులు గాని, కుటుంబపు కవిలెలు గాని మనకు దక్కలేదు. దక్కినది రాయి. గుడి వాకిట నిలిపిన కంబమో, చెరువుకట్టపై పాతిన బండయో, ఇప్పుడు పొలమున ఎద్దులు వీపు గోకికొను పలకయో ఆ ప్రభువు తాత పేరును, ముత్తాత చేసిన యుద్ధమును, అతడిచ్చిన మాన్యమును, ఆ మాన్యమును హరించినవానికి కలుగు పాపమును ఏకరువు పెట్టును. అంతకు మించి అతని ఇల్లాలెవరో, అతడే రోగమున మరణించెనో, అతని తమ్ములు అతనితో పొత్తు కలిసియుండిరో లేదో ఆ రాయి చెప్పదు. మనమడుగుటకు వీలు లేదు.

ఈ కథకు నెలవైన ఇప్పటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన వేరుపడినవి. వీనిలో అధికభాగము పాత వరంగల్లు జిల్లాలోనిది. బయ్యారము మాత్రము ఖమ్మము జిల్లానుండి వచ్చి మహబూబాబాదులో చేరినది. రామప్పగుడి యున్న పాలంపేట తొలుత భూపాలపల్లి జిల్లాలోనే యుండి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడినప్పుడు అందు కలిసినది. ఎల్లలు మారినవేగాని భూమి ఒక్కటే. ఈ నేలమీదనే కాకతీయ సామ్రాజ్యమునకు వెన్నెముకగా నిలిచిన కుటుంబములు తమ తమ వంశావళులను రాతికెక్కించినవి. వానిలో అందరికంటె ప్రసిద్ధుడు రేచెర్ల రుద్రుడు. అయినను అతని కథను నేరుగా అతనితో మొదలుపెట్టినచో, సామంతుడనగా నెవరో, రాజునకును అతనికిని నడుమ గల బంధమెట్టిదో పాఠకునకు తెలియదు. కావున రెండు తరములు వెనుకకు గాదు, రెండు శతాబ్దములు వెనుకకు పోయి, జనగామ సీమలోని గూడూరునుండి బయలుదేరుదము.

పాలకుర్తి ప్రాంతములోని ఈ గూడూరున 1124 నాటి శాసనమొకటి కలదు. అది విరియాల వంశీయుడగు మల్లునిది. దానిలోని చంపకమాలలును ఉత్పలమాలలును సాహిత్యచరిత్రకారులకు ప్రియమైనవి. నన్నయ తరువాత వంద సంవత్సరములు నిండకమునుపే ఈ మెట్టసీమలో వృత్తపద్యము ఎంత నిబ్బరముగ నడచినదో అవి చూపుచున్నవి. మనకిప్పుడు కావలసినది అందలి కథ. పదియవ శతాబ్ది చివర కాకతి గుండన గతించి, అతని కొడుకు బేతడు దిక్కులేక యుండిన కాలమున, విరియాల ఎఱ్ఱనయు అతని భార్య కామసానియు ఆ బాలుని పక్షము వహించిరి. కామసాని స్వయముగా చాళుక్య చక్రవర్తిని దర్శించి, ఒప్పించి, బేతని కాకతి ప్రభువుగ ప్రతిష్ఠించెనని శాసనము ఘోషించుచున్నది. ఆమె గుండనకు తోబుట్టువని, బేతనికి మేనత్తయని చరిత్రకారులు కొందరూహించిరి; మేనల్లునికై అంతదూరము పోయి చక్రవర్తి కొలువున నిలుచుటకు అదియే తగిన కారణమని తోచును.

ఇచట గమనింపదగినది మరొకటి గలదు. ఈ రాయి చెక్కబడు నాటికి కాకతి సింహాసనముపై నున్నవాడు రెండవ ప్రోలరాజు, అనగా ఆ బేతని సంతతివాడే. ఏలిక బ్రదికి, ఏలుచుండగనే, “నీ పూర్వీకుని గద్దెయెక్కించినది మా ఇంటి అవ్వ” అని ఒక సామంతుడు ఊరినడుమ రాతిపై చెక్కించినాడు, ఏలిక కాదనలేదు. మన సామంతులు రాజుల ముందు చేతులు కట్టుకొని నిలిచినవారేయని తలంచువారు ఈ ఒక్క బండను చూచిన చాలును. రాజును నిలిపిన కుటుంబమనిపించుకొనుట రాజకుటుంబమనిపించుకొనుటకంటె తక్కువ గౌరవము కాదని విరియాలవారి నమ్మకము. ఆ నమ్మకమే తరువాత రేచెర్లవారికిని వచ్చినది.

బేతని తాతముత్తాతల సంగతి తెలియవలెనన్న మహబూబాబాదు వైపు సాగవలెను. త్రోవలో కురవి తగులును. శివరాత్రికి వీరభద్రుని జాతరతో కిటకిటలాడు ఆ ఊరే పూర్వపు కొరవి. ముదిగొండ చాళుక్యులకును కాకతివారికిని నడుమ పోరునకు కారణమైన సీమకు ముఖ్యపట్టణము. అచటి శాసనము తెలుగు గద్యమున వెలసిన మిక్కిలి ప్రాచీన శాసనములలో నొకటి. అంతకంటె దానిగూర్చి ఇచట చెప్పబనిలేదు.

బయ్యారము వేరు. ఆ పెద్దచెరువు శాసనము లేనిచో కాకతీయుల వంశవృక్షమున సగము కొమ్మలు మనకు కానరావు. దానిని వేయించినది గణపతిదేవుని తోబుట్టువగు మైలాంబ. ఆమె భర్త నతవాడి ప్రభువగు రుద్రుడు. 1219 ప్రాంతమున ఆమె ఈ తటాకమును త్రవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరిడి, కట్టమీద తన పుట్టినింటి కథనంతయు వ్రాయించినది. దుర్జయ కులమున వెన్నడను రాజు పుట్టి కాకతిపురమున నిలిచి యేలెననియు, అందుచే అతని సంతతికి కాకతీయులను పేరు కలిగెననియు, అతని వెనుక వరుసగ మువ్వురు గుండరాజులును, ఎఱ్ఱడును, పిండి గుండడును, పిదప గరుడాంకుడగు బేతడు, ప్రోలుడు, మరల బేతడు, మరల ప్రోలుడు, అతని కొడుకులగు రుద్రుడును మహాదేవుడును, మహాదేవునకు బయ్యాంబయందు గణపతియు కలిగిరనియు ఆ శిల చెప్పుచున్నది. తన పేరు, సోదరి కుందాంబ పేరు, తల్లి పేరు మైలాంబ మరువలేదు. ఇంతటి సామ్రాజ్యమునేలిన గణపతిదేవుడు తన పుట్టుపూర్వోత్తరములను ఇంత విపులముగ ఎచటను చెప్పుకొనలేదు. అత్తవారింటికి పోయిన ఆడుబిడ్డ చెరువుకట్టపై చెప్పించినది.

కాని ఆ శిలను కూడ కండ్లకద్దుకొని ఊరకుండరాదు. 956 నాటి మాగల్లు తామ్రశాసనమున, తూర్పు చాళుక్యుడగు దానార్ణవుని కాలమున, ఈ పిండి గుండని పెద్దల పేర్లు వేరొక వరుసలో కలవు: గుండియ, ఎఱియ, బేతియ, అతని కొడుకు కాకర్త్య గుండ్యన. బయ్యారపు రాతిలో ఎఱ్ఱని పిదప నేరుగా గుండడే వచ్చును. నడుమనున్న బేతియ జారిపోయెను. అతడు చెప్పుకోదగిన పని చేసినవాడు కాడేమో, లేక మూడు వందల యేండ్ల దూరమున జ్ఞాపకము తప్పినదేమో. వంశావళి యనునది ఎంత నిష్ఠతో చెక్కబడినను, చెక్కించువాని అక్కరయు మరపును అందు తప్పక చేరును. గణపతిదేవుని రాజగురువగు విశ్వేశ్వర శివుని 1261 నాటి మల్కాపుర శాసనము ఈ రాజులనే సూర్యవంశమునకు ముడిపెట్టినది. రాజ్యము పెరిగినకొలది పూర్వీకులు ఆకాశమునకు చేరువగుదురు. ఇది అన్ని దేశములలోను జరిగినదే.

ఇక రేచెర్లవారు. వీరు తమను ఆకాశమునకు ముడివేసికొనలేదు. తాము నాల్గవ వర్ణమున పుట్టినవారమని చెప్పుకొనుటకు వారు జంకలేదు. పుట్టుకను ఒక్క మాటలో ముగించి, చేసిన పనిని పది శ్లోకములలో చెప్పుట వారి పద్ధతి. పాలంపేట శాసనమున వారి వంశమునకు ఆదిపురుషుడుగ కనబడువాడు బ్రహ్మ సేనాని, తెలుగున బమ్మడు. కాకతి ప్రభువు చాళుక్య చక్రవర్తుల పక్షమున చోళులపైకి పోయిన దండయాత్రలో బమ్మడు కాంచీపురపు తలుపులను తెరచి తన యేలికకు వీరలక్ష్మితో వివాహము జరిపించెనని కవి వర్ణన; ఆ తలుపులు కవికి పెండ్లిపీటలకడ పట్టు తెరసెల్లవలె తోచినవి. ఈ అలంకారమును తీసివేసినచో మిగులునది ఇంతే: పదునొకండవ శతాబ్దిలో కాకతివారు ఇంకను చాళుక్యులకు సామంతులై యుండగా, ఆ సామంతులకు సేనానులుగ రేచెర్లవారు కుదిరిరి. సామంతునకు సామంతులు. ఏలిక ఎదిగినకొలది వీరును ఎదిగిరి.

బమ్మని పిదప వంశమున కాట, కామ అను పేర్లు మరల మరల వచ్చును. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారము ఇప్పటికిని మన ఇండ్లలో నున్నదే గనుక ఏ కాటడు ఏ కామనికి కొడుకో తేల్చుటకు పరిశోధకులు పడిన పాట్లు మనకర్థమగును. కామ చమూపతి రెండవ ప్రోలరాజు నాటివాడు. ఆ ప్రోలుడు మంత్రకూట ప్రభువగు గుండని వధించిన సమరములతో ఈ కుటుంబపు కీర్తి ముడిపడియున్నది. కామని కొడుకు కాటడు. కాటని కొడుకు మన రుద్రుడు. వేరొక శాఖ సూర్యాపేట కడ పిల్లలమఱ్ఱిలో స్థిరపడినది; నామిరెడ్డి, బేతిరెడ్డి మున్నగువారు అందలివారు; పన్నెండవ శతాబ్ది చివరను పదుమూడవ శతాబ్ది మొదటను వారు నిలిపిన గుళ్లును చెరువును అచట నేటికిని కలవు.

రుద్రుని జీవితమున నడిమి ఘట్టము, అతనిని తక్కిన సేనానులనుండి వేరుచేయు ఘట్టము, పన్నెండవ శతాబ్దిపు చివరి నాలుగైదేండ్లలో జరిగినది. వేయిస్తంభముల గుడి కట్టించిన కాకతి రుద్రదేవుడు 1195 ప్రాంతమున దేవగిరి యాదవుడగు జైతుగితో పోరి నేలకూలెను. అతని తమ్ముడు మహాదేవుడు గద్దెనెక్కి, అన్న పగ తీర్చ దేవగిరిపైకి పోయి, అచటనే మడిసెను. మహాదేవుని కొడుకు గణపతి శత్రువు చేత చిక్కి బందీ అయ్యెను. రాజు లేడు, రాజకుమారుడు చెరలో నున్నాడు, మొన్నటివరకు కప్పము చెల్లించిన మండలేశ్వరులు తలలెత్తిరి, నాగతి యను రాజొకడు పైకొనెను. రేచెర్ల రుద్రుడు నాగతిని తరిమి, ఎత్తిన తలలను దించి, లేని రాజు పేర రాజ్యమును నిలబెట్టెను. 1199లో జైతుగి గణపతిని విడిచిపెట్టగా అతడు వచ్చి కూర్చొనుటకు గద్దె యొకటి మిగిలియుండుటకు కారణము ఈ సేనానియే. కాకతిరాజ్య సమర్థుడు, కాకతిరాజ్యభార ధౌరేయుడు అను బిరుదములు అందుచేతనే వచ్చినవి. బిరుదములు మన శాసనములలో కొల్లలు. పది ఊళ్లు లేనివాడును సకల భువనములను జయించినట్లు వ్రాయించుకొనును. ఈ రెండు మాత్రము పుచ్చుకొన్నవి గావు, సంపాదించినవి.

నాకు ఇచట ఒక ఇంగ్లీషు దొర తలపునకు వచ్చుచున్నాడు. రుద్రునకు సరిగ సమకాలికుడగు విలియం మార్షల్ పెద్దింటిలో పుట్టియు పెద్దకొడుకు గాకపోవుటచే కత్తినే నమ్ముకొని పోటీలలో గెలిచి పైకివచ్చినవాడు. పెళ్లిచే పెంబ్రోక్ ప్రభుత్వమును పొంది వరుసగా నలుగురు రాజులను కొలిచెను. 1216లో జాన్ రాజు చనిపోగా, సగము దేశము ఫ్రెంచి యువరాజు చేతిలోను తిరుగుబాటుదారుల చేతిలోను ఉండగా, తొమ్మిదేండ్ల మూడవ హెన్రీ భారము డెబ్బదేండ్ల ఈ ముదుసలి భుజముపై పడినది. 1217 మే నెలలో లింకన్ పట్టణమున అతడు స్వయముగ గుఱ్ఱమెక్కి పోరి గెలిచి, బాలుని రాజ్యమును నిలిపి, 1219 మే 14న కన్నుమూసెను. మైలాంబ బయ్యారమున రాయి నాటించిన కాలమును అదియే. అతని కొడుకు తండ్రి చరిత్రను ఫ్రెంచి భాషలో పందొమ్మిది వేల పైచిలుకు పంక్తుల పద్యకావ్యముగ వ్రాయించెను. మార్షల్ చిన్ననాట రాజుచేత చిక్కి ఉరికంబము దాక పోయి బ్రదికినది మొదలు, మరణశయ్యపై దుస్తుల పంపకము దాక అందు కలదు. రుద్రునిగూర్చి అట్టి కావ్యమొకటి ఉండియుండినచో అని ఆశపడని చరిత్రకారుడు తెలుగుదేశమున ఉండడు.

అయితే ఆ కావ్యమునకు పట్టిన గతియు వినదగినది. దాని ప్రతి ఒక్కటే మిగిలెను. అదియు శతాబ్దములపాటు ఎవరికిని పట్టక, 1861లో లండను వేలముపాటలో పాల్ మేయర్ అను ఫ్రెంచి పండితుని కంట క్షణకాలము పడి, మరల ఒక ధనికుని గ్రంథరాశిలో మరుగుపడి, ఇరువదేండ్లు వెదకిన పిదపగాని అతనికి దొరకలేదు. మార్షల్‌కు అయిదుగురు కొడుకులు. ఒకరి వెంట నొకరు వారసులు లేకయే పోగా 1245తో ఆ ఇంటి మగసంతతి ముగిసినది. సంతతియు గ్రంథమును ఎంత చంచలములో దీనివలన తెలియును. మనవారు రాతిని ఎన్నుకొనుట తెలివితక్కువ కాదు.

రుద్రుని రాయి పాలంపేటలో గుడి ప్రాంగణమున చిన్న మంటపములో నున్నది: నాలుగు ముఖముల కంబము, నాలుగు వైపుల సంస్కృత శ్లోకములు. దాని చుట్టును తిరుగుచు చదివిన మొదట దేవతాస్తుతి, పిదప కాకతి రాజుల వరుస, పిదప ఓరుగంటి నగరవర్ణన, పిదప రేచెర్లవారి వంశము, అటుపై రుద్రుడు ఓరుగంటను రుద్రేశ్వరుని నిలిపిన సంగతి, ఆతుకూరను ఈ పురమున మరల రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి, గ్రామములనిచ్చిన సంగతి వచ్చును. తిథి స్పష్టము: శాలివాహన శకము 1135, శ్రీముఖ సంవత్సరము, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారము, పుష్యమి. క్రీస్తు శకమున అది 1213 మార్చి 31. ఏలిక కథ ముందు, తన కథ తరువాత. ఆ క్రమమును అతడు తప్పలేదు. కాని రెండును ఒకే కంబముపై నున్నవి. గూడూరులో విరియాలవాడు చేసినదానినే ఇతడు మరింత మర్యాదగ చేసినాడు.

గుడి చెంతనున్న చిన్న గుళ్లకు కాటేశ్వర, కామేశ్వరములని పేర్లు. వంశములోని పెద్దల పేర్లను ఈశ్వరునకు తొడిగి పూజలు జరిపించుట ఆనాటి సంప్రదాయము. తద్దినము మానిన మనుమలున్నను ధూపదీపములు ఆగవు. ఈ విధముగ తాతయు తండ్రియు తానును ఒకే ప్రాంగణమున మూడు లింగములై నిలిచిరి. లోకము మాత్రము ఆ మువ్వురి పేర్లను ప్రక్కకు నెట్టి, శిల్పి రామప్ప పేర గుడిని పిలుచుచున్నది. శాసనమున రామప్ప ఊసు లేదు. జనుల నోట తప్ప వేరొకచోట అతడు లేడు. అయినను జనులు తప్పు చేసిరని నేననను. ఎఱ్ఱని ఇసుకరాతి గోడలపై, చూరు క్రింద, నల్లరాతితో వాలుగా నిలిపిన మదనికలను ఒకమారు చూచినవానికి అది సేనాని గుడి యనిపించుట కష్టము. ఒకతె పాదమున గ్రుచ్చుకొన్న ముల్లు తీయించుకొనుచున్నది. మరొకతె ఎత్తైన మడమల పాదరక్షలు తొడిగినది. నల్లరాతి నునుపు ఎట్టిదనగా నగల మీది ముత్యములు వేరువేరుగ లెక్కకు వచ్చును. విమానమును నీటిపై తేలు తేలికైన ఇటుకలతో కట్టిరి. పునాదిక్రింద ఇసుకను నింపిరి. భూమి కదలినను బరువు సర్దుకొనుటకే ఈ ఉపాయమని స్థపతులు చెప్పుదురు.

ఈ నర్తకీమూర్తులను గణపతిదేవుని కొలువున నున్న జాయప సేనాని నాట్యగ్రంథమగు నృత్తరత్నావళిని చూచి చెక్కిరని చెప్పుట ఒక వాడుకగా మారినది. జాయపుడు ఆ గ్రంథమును ముగించినది 1254 ప్రాంతమున. గుడి ప్రతిష్ఠ 1213లో. ఉలి ముందు, గంటము వెనుక. ఆనాడు ఓరుగంటను ఆడిన ఆటలనే ఇరువురును చూచిరనుట సబబు. ఇరువదవ శతాబ్దిలో నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమును పునరుద్ధరించుటకు ఈ గోడలవద్దకును ఆ గ్రంథమువద్దకును పోవలసి వచ్చుట అందుచేతనే. 2021 జూలై 25న యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగ గుర్తించినప్పుడు పత్రమున వ్రాసికొన్న పేరు కాకతీయ రుద్రేశ్వరాలయము. ఎనిమిది వందల యెనిమిదేండ్లకు రుద్రుని పేరు గుడిపైకి మరల వచ్చినది.

గుడికి కొంత ఎడమున చెరువు. శాసనములు సామంతుని గూర్చి ఏమి దాచినను చెరువు దాచదు. కొండల నడుమ సందును కట్టతో మూసి, తూములు దించి, అలుగు పోసి, ఆ నీటిక్రింద అడవిని మడిగ మార్చుట ఒక్క ఏట తేలు పని గాదు. మన్ను మోయువారిని, రాయి కొట్టు ఒడ్డెలను, నీరు పంచు నీరటికాండ్రను కూడగట్టి, వారిని ఊరుగా కుదిర్చి, పంటలో వారికి పాలు నిర్ణయింపవలెను. ఇది సేనను నడపుటకు తక్కువ పని కాదు. గణపతిదేవుని నాట ఇది ఒక పోటీగనే సాగినది: పాకాల చెరువు మంత్రి బయ్యన నాయకుని కొడుకగు జగదాల ముమ్మడిది, బయ్యారము రాజసోదరిది, పాలంపేట రుద్రునిది. భూపాలపల్లి సీమలోని గణపురమున రాజు పేరనే గణపసముద్రము వెలసినది. దాని దాపున మట్టికోట లోపల ఇరువదికి పైగా గుళ్ల గుంపు, కోటగుళ్లు, ఇప్పటికిని నిలిచియున్నవి. స్తంభములు ఒరిగినవి, కప్పులు జారినవి. గజములపై లంఘించు సింహములు మాత్రము చూరుక్రింద తమ పట్టు వదలలేదు. రేచెర్లవారే వానిని కట్టించిరని అచటివారి మాట. శిల్పపు చేతివాటము పాలంపేటకు దగ్గరగనే యున్నది.

రుద్రుడు ఏ యేట, ఎచట మరణించెనో రాతికి తెలియదు. రేచెర్ల పేరు మాత్రము అతనితో ఆగలేదు. ఓరుగల్లు పడిన తరువాత, పదునాలుగవ శతాబ్దిలో రాచకొండ, దేవరకొండలనేలిన పద్మనాయకులును రేచెర్ల గోత్రజులమనిరి. అందలి సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరమును రచించిన పండితరాజు. ఈ రేచెర్లయు ఆ రేచెర్లయు ఒక్కటియా, వేరా అను వాదము ఇప్పటికిని సాగుచున్నది. శాసనములను చదువని వారే అందు గట్టిగ అరచుచున్నారు. పాలంపేట రుద్రుడు తన కులమును నెత్తినెక్కించుకొని ఊరేగలేదు. అతని శాసనమును కులసభల వేదికలకు ఈడ్చుట అతనికి మనము చేయు అపచారము.

ఈ రాళ్లు మనకు ఎట్లు చేరినవో రెండు మాటలు చెప్పి ముగించెదను. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖ పూనికతో పాలంపేట, ఉప్పరపల్లి శాసనములను ఎల్.డి. బార్నెట్ పండితుడు పరిష్కరింపగా 1919లో హైదరాబాదు ఆర్కియలాజికల్ సిరీస్‌లో అచ్చయినవి. ఇతర శాసనములను నేలటూరి వేంకటరమణయ్య, పి.వి. పరబ్రహ్మశాస్త్రి మున్నగువారు ఎండలో నిలిచి, అచ్చులు తీసి, అక్షరమక్షరము కూడబలికిరి. బయ్యారపు రాయి వెలుగులోనికి రాకున్నచో వెన్నడు, మువ్వురు గుండలు మనకు లేనివారే. గూడూరు పలక పగిలిపోయియున్నచో కామసాని పేరే వినబడదు. ఒక్కొక్క రాయి ఒక్కొక్క వంశము. ఇంకను చదువని రాళ్లు ఈ మూడు జిల్లాల పల్లెలలో చెరువుకట్టలమీదను, బొడ్రాయి చెంతను, పాడుపడిన శివాలయముల గోడలలోను కలవు. కొన్నిటికి సున్నము పూసిరి. కొన్నిటిపై పసుపు కుంకుమలు మందముగ పేరుకొని అక్షరములు పూడినవి. కొన్ని పొలము గట్టున కాలువపై వంతెనలైనవి. నిధి యున్నదని గునపముతో పెల్లగించినవియు లేకపోలేదు. శాసనము క్రింద నిధి యుండదు, శాసనమే నిధి. కావున జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల పాఠకులకు ఒక్క మనవి: మీ ఊర అక్షరములున్న బండ కనబడినచో దానికి రంగు వేయకుడు, సున్నము కొట్టకుడు, చోటు కదలింపకుడు, ఛాయాచిత్రమొకటి తీసి, ఊరి పేరును చోటును వ్రాసి, రాష్ట్ర వారసత్వ శాఖవారికో దగ్గరి కళాశాలలోని చరిత్రోపాధ్యాయునకో వెంటనే తెలుపుడు.